"వాడికి కసి లేదు" అనే ముందు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం పొద్దున జరిగిన ప్రసంగం. మేడమ్ మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేశాం, చివర్లో ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇటుపక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గ్రూప్స్‌కి చదివేవాళ్ళు ఎక్కువమంది వచ్చారు, ఇంటర్ పిల్లల అమ్మానాన్నలు కూడా ఉన్నారు, మాదాపూర్ వైపు నుంచి ఉద్యోగస్తులు కూడా వచ్చారంట, మంచిది. ఎందుకంటే ఈ మూడు రకాలవాళ్ళ నోట్లోంచి నేను ఒకటే మాట వింటూ ఉంటా. తల్లి వచ్చి "వీడికి కసి లేదు మేడమ్" అంటుంది, మేనేజర్ వచ్చి "మా టీమ్‌లో మోటివేషన్ లేదండి" అంటాడు, గ్రూప్స్ చదివే పిల్ల వచ్చి "నాకు మోటివేషన్ రావట్లేదు, వీడియోలు చూసినంతసేపు ఉంటది తర్వాత పోతది" అంటుంది. ముగ్గురూ అనుకునేది ఏంటంటే కసి అనేది ట్యాంకులో పెట్రోల్ లాగ మనిషి లోపల ఉండే సరుకు, కొందరికి పుట్టుకతో ఫుల్లు, కొందరికి రిజర్వు అని.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది ఒకటే విషయం. సైకాలజీలో దీని మీద ఎనభై ఏళ్ళకు పైగా పని జరిగింది, అదంతా చూస్తే మనిషిని కదిలించేది మనిషి లోపల మాత్రమే లేదు, మనిషికీ అతను ఉన్న పరిస్థితికీ మధ్యలో ఉంది. కాబట్టి "వీడికి లేదు" అని ముద్ర వేసేముందు వీడి చుట్టూ ఏముందో చూడాలి. ఈ మాట ఊరికే ఓదార్పు కోసం అనట్లేదు, దీనికి ఆధారాలున్నాయి, అవే చెప్తా.

మొదట్లో సైకాలజిస్టులు కూడా పెట్రోల్ లెక్కనే నమ్మారు. క్లార్క్ హల్ అని అమెరికాలో పెద్ద పేరు, 1943లో ఆయన పుస్తకం వచ్చింది, ఆయన లెక్క చాలా సింపుల్. ఒంటికి ఏదో లోటు వస్తది, ఆకలో దాహమో, ఆ లోటు లోపల ఒక ఒత్తిడి పుట్టిస్తది, ఆ ఒత్తిడి తగ్గించుకోవడానికే మనిషైనా ఎలుకైనా కదులుతుంది, తగ్గితే ఆగుతుంది. అంతే. చాలా ఏళ్ళు ఇదే నడిచింది.

అదే 1943లోనే అబ్రహాం మాస్లో అనే సైకాలజిస్టు మనిషి అవసరాల మీద తన వ్యాసం రాశాడు. బీఎడ్ చేసినవాళ్ళు, ఎంబీఏ చేసినవాళ్ళు ఇక్కడ ఉన్నారు కదా, మీరందరూ పరీక్షలో ఆ త్రిభుజం గీసే ఉంటారు, కింద తిండి నిద్ర, దాని మీద భద్రత, ఆపైన ప్రేమ, గౌరవం, కొసన తన సామర్థ్యాన్ని తాను పూర్తిగా అందుకోవడం. ఆ వ్యాసంలో త్రిభుజం బొమ్మ లేదండి. అది తర్వాత మేనేజ్‌మెంట్ వాళ్ళు గీసింది. బొమ్మ గీసేసరికి ఏమైందంటే కింది మెట్టు పూర్తిగా నిండితేగానీ పై మెట్టు ఎక్కలేం అనే అర్థం వచ్చేసింది, మాస్లో అలా అనలేదు, చాలామందికి అన్ని అవసరాలూ కొంత తీరి కొంత తీరకుండానే ఉంటాయి, ఈ వరస అందరికీ ఒకేలా ఉండదు అని ఆయనే రాశాడు. మీకు దానికి రుజువు కావాలంటే బయటికెళ్ళి చూడండి. అశోక్‌నగర్‌లో ఒక రూములో నలుగురైదుగురు సర్దుకుని, మధ్యాహ్నం ఐదు రూపాయల భోజనం దగ్గర లైన్లో నిలబడి తిని, సాయంత్రం లైబ్రరీ మెట్ల మీద కూర్చొని పాలిటీ చదువుతున్న పిల్లలు ఎంతమంది. తిండికి భరోసా లేదు, రేపటికి భరోసా లేదు, అయినా ఊళ్ళో నాన్న తలెత్తుకుని తిరగాలని చదువుతున్నారు. త్రిభుజం ప్రకారం అయితే వీళ్ళు చదవకూడదు.

హల్ లెక్కను గట్టిగా కదిపింది మాత్రం కోతులు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అని ఒకాయన కోతులతో పనిచేసేవాడు, 1950 ప్రాంతంలో ఆయన కోతుల బోన్లలో ఒక చిన్న తాళం లాంటి అమరిక పెట్టాడు, పిన్ను లాగాలి, కొక్కెం తప్పించాలి, తర్వాత గొళ్ళెం ఎత్తాలి. తీస్తే లోపల ఏమీ ఉండదు. తిండి లేదు, మెచ్చుకునేవాడు లేడు. అయినా ఆ కోతులు దాన్ని విప్పుతూ కూర్చున్నాయి, రోజులు గడిచేకొద్దీ తప్పులు తగ్గించుకుని ఇంకా బాగా విప్పాయి. ఇంకో విచిత్రం ఏంటంటే ఎండుద్రాక్ష పెట్టడం మొదలుపెట్టాక పని చెడింది, కోతుల ధ్యాస ద్రాక్ష మీదికి పోయి తప్పులు పెరిగాయి. ఆకలి లేదు, దాహం లేదు, లోటు ఏమీ లేదు, మరి ఎందుకు చేసినట్టు? ఆ పనిలోనే ఏదో ఉంది కాబట్టి. లోపలి నుంచి వచ్చే మోటివేషన్ అనే ఆలోచన సైకాలజీలోకి గట్టిగా వచ్చింది ఇక్కడినుంచే.

కోతుల దగ్గర్నుంచి పిల్లల దగ్గరికి వద్దాం, దీని మీద కొంచెం టైమ్ తీసుకుంటా, తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి. 1973లో స్టాన్‌ఫోర్డ్‌లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు, యూనివర్సిటీ వాళ్ళదే ఒక నర్సరీ బడి ఉంది, అక్కడికి వెళ్ళారు. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ పిల్లలు. రంగు మార్కర్లతో బొమ్మలు వేయడం అంటే బాగా ఇష్టపడే పిల్లల్ని చూసి ఎంచుకున్నారు. వాళ్ళని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ముందే చెప్పారు, నువ్వు బొమ్మ వేస్తే నీకు సర్టిఫికెట్ ఇస్తాం, దానికి బంగారు రంగు ముద్ర ఉంటది, రిబ్బన్ ఉంటది అని. ఇంకో గుంపుకి ముందేం చెప్పలేదు, వేశాక అదే సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. మూడో గుంపుకి ఏమీ ఇవ్వలేదు. అయిపోయింది. ఒకటి రెండు వారాల తర్వాత తరగతి గదిలో మళ్ళీ మార్కర్లు పెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, దూరం నుంచి చూశారు. సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు తమ టైమ్‌లో 9 శాతం లోపే బొమ్మలకి ఇచ్చారు, ఏమీ ఇవ్వని పిల్లలు దాదాపు 17 శాతం, చెప్పకుండా ఇచ్చిన పిల్లలు 18 శాతం. అంటే సగానికి పడిపోయింది. గమనించండి, సర్టిఫికెట్ అదే, రిబ్బన్ అదే. తేడా ఒక్కటే, "ఇది చేస్తే అది ఇస్తా" అన్నారా లేదా.

ఎందుకలా? పిల్లాడు తనకి తెలియకుండానే తన గురించి ఒక లెక్క వేసుకుంటాడు, నేను బొమ్మలు ఎందుకు వేశాను, రిబ్బన్ కోసం వేశాను, ఇప్పుడు రిబ్బన్ లేదు కదా మరి ఎందుకు వేయాలి అని. ఆడుకునే విషయం కాస్తా డ్యూటీ అయిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు 1971లో ఎడ్వర్డ్ డెసీ కాలేజీ స్టూడెంట్స్‌తో, చెక్క ముక్కలు కలిపి ఆకారాలు కట్టే పజిల్‌తో ఇదే ఆలోచన చూశాడు, పజిల్‌కి ఒక డాలర్ చొప్పున ఇచ్చి తర్వాత ఇవ్వడం ఆపేసి, మధ్యలో గదిలో ఒంటరిగా వదిలేసి, పక్కన మ్యాగజైన్లు పెట్టి, వీళ్ళు ఖాళీ టైమ్‌లో పజిల్ ముట్టుకుంటారా లేదా అని చూశాడు, అక్కడా అదే కనిపించింది.

ఇక్కడ ఒక్క నిమిషం. ఇది విని ఇంటికెళ్ళి "బహుమతులు ఇస్తే పిల్లలు చెడిపోతారంట" అని చెప్పకండి, నేను అలా చెప్పట్లేదు. దీని మీద సైకాలజిస్టుల మధ్య పెద్ద గొడవే జరిగింది. 1994లో కామెరాన్, పియర్స్ అని ఇద్దరు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేసి, నష్టం పెద్దగా ఏం లేదు పొండి అన్నారు. 1999లో డెసీ వాళ్ళు 128 పరిశోధనలు తీసుకుని మళ్ళీ లెక్కేశారు, ముందే చెప్పి, షరతు పెట్టి, చేతికి ఏదైనా వస్తువో డబ్బో ఇస్తే ఇష్టం తగ్గుతోంది, కానీ మనస్ఫూర్తిగా మెచ్చుకుంటే ఆ నష్టం లేదు, పెద్దవాళ్ళలో అయితే ఇష్టం ఇంకా పెరుగుతోంది అని చూపించారు. పైగా అసలు ఇష్టమే లేని పని, బోర్ కొట్టే పని అయితే డబ్బులిస్తే చెడేది ఏమీ లేదు, చెడడానికి అక్కడ ఇష్టం ఉంటే కదా. బాత్రూం కడిగితే యాభై ఇస్తా అంటే ఇవ్వండి, ఏం కాదు. నాకు భయం ఎక్కడంటే, పిల్ల తనంతట తాను కథల పుస్తకం పట్టుకుని కూర్చుంటే అక్కడికెళ్ళి "పది పేజీలు చదివితే చాక్లెట్" అనడం దగ్గర.

డబ్బు మనిషిని కదిలిస్తుందా అంటే కదిలిస్తుంది, ఎవరు కాదన్నారు. కానీ డబ్బు వచ్చి కూర్చోగానే ఆ పనికి అర్థం మారిపోతది. ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో పది డేకేర్లలో ఒక ప్రయోగం చేశారు, 2000లో అచ్చయింది, నీజీ, రుస్తికీనీ అని ఇద్దరు ఎకనామిస్టులు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి తల్లిదండ్రులు లేట్‌గా వస్తున్నారని, కొన్ని డేకేర్లలో పది నిమిషాల కన్నా లేటైతే 10 షెకెల్స్ ఫైన్ అని పెట్టారు. లేట్‌గా వచ్చేవాళ్ళు తగ్గాలి కదా? దాదాపు రెండింతలు అయ్యారు. ఇంతకుముందు లేటైతే "అయ్యో టీచర్ నా కోసం కూర్చుంది" అని గుంజాటన ఉండేది, ఇప్పుడు అది సర్వీసు, డబ్బు కట్టేశాం కదా. ఇంకా బాధాకరం ఏంటంటే తర్వాత ఫైన్ ఎత్తేసినా ఆ లేట్ తగ్గలేదు. ఆ మొహమాటం ఒకసారి పోయాక తిరిగి రాలేదు. మా అపార్టుమెంట్లలో, మన ఆఫీసుల్లో ఫైన్లు పెట్టే ముందు ఎవరైనా ఇది చదివితే బాగుండు అని నాకు చాలాసార్లు అనిపిస్తది.

సరే, ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగానికి వస్తా, ఇది మన ఊరి కథ. మీలో చాలామంది యూసుఫ్‌గూడ మీదుగా రోజూ వెళ్తుంటారు, అక్కడ చిన్న పరిశ్రమల జాతీయ సంస్థ ఉంది కదా, ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అంటున్నారు. అరవైల్లో దాని పేరు సియెట్, చిన్న పరిశ్రమల ఎక్స్‌టెన్షన్ శిక్షణ సంస్థ. ప్రపంచంలో మోటివేషన్ మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఒకటి ఆ సంస్థతో కలిసి జరిగింది, మన తెలుగువాళ్ళ మీద జరిగింది, ఇక్కడ చాలామందికి తెలియదు.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలాండ్ అని ప్రొఫెసర్. ఆయన ఏళ్ళ తరబడి ఒక విషయం మీద పనిచేశాడు, సాధించాలి అనే తపన, ఉన్నదానికన్నా ఇంకా బాగా చేయాలి అనే తపన. దాన్ని ఆయన కొలిచే పద్ధతి ఏంటంటే, ఒక అస్పష్టమైన బొమ్మ చూపించి కథ రాయమనేవాడు. ఉదాహరణకి ఒక కుర్రాడు బల్ల ముందు కూర్చొని పుస్తకం తెరిచి ఎటో చూస్తున్నాడు అనుకోండి. ఒకరు "వీడు అమ్మ గురించి ఆలోచిస్తున్నాడు" అని రాస్తారు, ఇంకొకరు "ఈ లెక్క ఎలాగైనా చేయాలి, నిన్న తప్పు ఎక్కడొచ్చింది అని చూస్తున్నాడు" అని రాస్తారు. మనం కథలో పెట్టేది మన తలలో తిరిగేదే అని ఆయన నమ్మకం. ఇంకోటి, రింగులు విసిరే ఆట, మన జాతరలో ఉంటది చూడండి అలాంటిదే, మేకు నాటి దూరం నుంచి రింగు వేయాలి, ఎంత దూరంలో నిలబడతావో నీ ఇష్టం. కొందరు మేకు పక్కనే నిలబడి టకటకా వేసేస్తారు, కొందరు గది చివరికెళ్ళి అదృష్టం మీద విసురుతారు, ఆ తపన ఎక్కువున్నవాళ్ళు మధ్యలో నిలబడతారు, పడొచ్చు పడకపోవచ్చు కానీ నా చేతి నైపుణ్యం మీద ఆధారపడే దూరం. నాకైతే ఈ రింగుల ఆట చాలా చెప్తది. మన పిల్లల్లో ఎంతమందిని మనం తీసుకెళ్ళి గది చివర నిలబెడుతున్నాం, అక్కడి నుంచి పడలేదని తిడుతున్నాం.

అప్పట్లో చాలామంది పెద్ద పెద్ద పండితుల మాట ఏంటంటే భారతీయులకి కర్మ సిద్ధాంతం, కులం, ఉమ్మడి కుటుంబం, వీటివల్ల ఈ తపన రాదు, చిన్నప్పుడు పెంపకంలోనే అయిపోయింది, పెద్దయ్యాక మారదు అని. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ ఇద్దరూ దీన్ని పరీక్షించాలని కాకినాడ ఎంచుకున్నారు. 1964, 65 ప్రాంతంలో కాకినాడ వ్యాపారుల్ని, చిన్న పరిశ్రమల వాళ్ళని బ్యాచులుగా హైదరాబాద్ తీసుకొచ్చారు, సియెట్‌లో ఒక్కో బ్యాచ్‌కి పది రోజుల చొప్పున శిక్షణ. అందులో ఉపన్యాసాలు దంచడం కాదు, బొమ్మలు చూసి కథలు రాయడం, ఎవరి కథ వాళ్ళే దిద్దుకోవడం, ఆ తపన ఉన్న మనిషి ఎలా ఆలోచిస్తాడో అలా ఆలోచించి మళ్ళీ రాయడం, రింగుల ఆట ఆడి నేను ఎక్కడ నిలబడ్డాను ఎందుకు నిలబడ్డాను అని మాట్లాడుకోవడం, చివర్లో నా వ్యాపారంలో వచ్చే రెండేళ్ళలో ఏం చేస్తా అని రాసుకోవడం. తర్వాత వీళ్ళని వదిలేసి, శిక్షణ తీసుకోని రాజమండ్రి వాళ్ళతో పోల్చి చూశారు. శిక్షణ తీసుకున్నవాళ్ళు కొత్త వ్యాపారాలు ఎక్కువ మొదలుపెట్టారు, ఎక్కువ పెట్టుబడి పెట్టారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. సంప్రదాయం పాటించేవాడా ప్యాంటు షర్టు వేసేవాడా అనే దానితో పనే లేదు, పంచె కట్టుకుని పూజ చేసుకుని కొట్టుకి వెళ్ళేవాడు కూడా అంతే మారాడు.

ఇదంతా 1969లో పుస్తకంగా వచ్చింది. అందులో నేను అన్నిటికన్నా ముఖ్యమైనది అనుకునే విషయం ఒకటుంది, మోటివేషన్ క్లాసులు చెప్పేవాళ్ళు దీన్ని దాటేస్తారు. మార్పు గట్టిగా కనిపించింది ఎవరిలో అంటే, తమ వ్యాపారం తమ చేతిలో ఉన్నవాళ్ళలో. గల్లా పెట్టె తాళం తన దగ్గర ఉన్నవాడు మారాడు. అన్నీ నాన్నో అన్నో చూసుకుంటూ తను పక్కన కూర్చునేవాడికి అదే శిక్షణ ఇచ్చినా అంతగా పనిచేయలేదు. తపన పుట్టించావు సరే, అది పెట్టుకోవడానికి చోటేది? చేతిలో నిర్ణయం లేని మనిషికి కసి నూరిపోస్తే అది ఎక్కడికి పోతది?

ఇంకో మాట కూడా చెప్పాలి. వాళ్ళు ఒక్కొక్కరుగా రాలేదు, ఒకే ఊరివాళ్ళు కలిసి వచ్చి, కలిసి తిరిగి వెళ్ళారు, రోజూ ఒకరికొకరు ఎదురుపడేవాళ్ళు. మార్పులో ఎంత భాగం కథలది, ఎంత భాగం ఈ తోడుది అనేది విడదీయడం కష్టం, నా అభిప్రాయం అడిగితే తోడు భాగం చిన్నది కాదు. మన దేశపు సైకాలజిస్టు ఉదయ్ పరీక్ కూడా మెక్లెలాండ్ ఆలోచనకి ఒక సవరణ చెప్పాడు, మన సమాజం ముందుకెళ్ళాలంటే నేను సాధించాలి అనే తపన ఒక్కటే చాలదు, పక్కవాళ్ళకి పనికిరావాలి అనే తపన కూడా ఉండాలి, దానికి ఆయన ఎక్స్‌టెన్షన్ మోటివేషన్ అని పేరు పెట్టాడు, ఈ రెండిట్నీ వెనక్కి లాగేది ఎవరో చెప్తే చేద్దాంలే అనే ఆధారపడే గుణం అన్నాడు. చెల్లి పెళ్ళి కోసం గల్ఫ్ వెళ్ళే అన్నని, తమ్ముడిని చదివించడానికి బ్యూటీ పార్లర్లో పనిచేసే అక్కని చూసినవాళ్ళం, మనకి ఈ సవరణ ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇవన్నీ కలిపి చూసినవాళ్ళు డెసీ, ఆయన తోటి పరిశోధకుడు రిచర్డ్ రయాన్. మనిషి తనంతట తాను కదలాలంటే మూడు కావాలి అన్నారు, ఇది నా నిర్ణయం అనిపించాలి, ఇది నాకు చేతనవుతోంది అనిపించాలి, నా వాళ్ళు నాతో ఉన్నారు అనిపించాలి. 1985లో పుస్తకం రాశారు, ఆ తర్వాత చాలా దేశాల్లో దీన్ని పరీక్షించారు. ఇక్కడ మన ఇళ్ళలో వెంటనే ఒక ప్రశ్న వస్తది, అంటే పిల్లల ఇష్టానికి వదిలేయాలా, మేం ఏం చెప్పకూడదా అని. దీనికి ఒక మంచి ప్రయోగం ఉంది, షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్, 1999. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలు, అక్షరాలు కలిపి మాట చేసే పజిల్స్. కొందరు పిల్లలు ఏ పజిల్ చేయాలో తామే ఎంచుకున్నారు, కొందరికి పరిచయం లేని మేడమ్ ఎంచి ఇచ్చింది, కొందరికి "మీ అమ్మ ఇది ఎంచింది" అన్నారు. తెల్ల అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్నప్పుడు బాగా చేశారు, అమ్మ ఎంచిందంటే ముఖం మాడ్చుకున్నారు. ఆసియా కుటుంబాల పిల్లలు, చైనా జపాన్ మూలాలవాళ్ళు, అమ్మ ఎంచింది అన్నప్పుడే అన్నిటికన్నా బాగా చేశారు. పరిచయం లేని మేడమ్ ఎంచితే ఇద్దరూ నీరసంగానే చేశారు. వాళ్ళు మన తెలుగు పిల్లలు కాదు, అది గుర్తుపెట్టుకోండి, కానీ దీంట్లో మనకి పనికొచ్చే విషయం ఉంది. నా నిర్ణయం అంటే ఒంటరిగా తీసుకున్న నిర్ణయమని కాదు, నాకు దగ్గరవాళ్ళు, నన్ను ఎరిగినవాళ్ళు నా కోసం ఆలోచించి తీసుకుంటే అది కూడా నాదే అవుతది. అయితే పక్కింటివాళ్ళ అబ్బాయి ఎంపీసీ తీసుకున్నాడని మీరు ఎంపీసీలో వేస్తే, ఆ నిర్ణయం పిల్లాడిదీ కాదు, మీదీ కాదు, పక్కింటిది. పిల్లలు ఈ తేడాని పట్టేస్తారు.

ఇక నేను ఆపుతా, ప్రశ్నలు తీసుకుందాం.

(ఒక తల్లి:) మేడమ్, మా బాబు ఇంటర్ సెకండియర్, ఫోన్ ఇడుస్తలేడు. ఫోన్ పక్కన పెట్టి మంచి ర్యాంకు తెస్తే బండి కొనిస్త అని వాళ్ళ డాడీ మాటిచ్చిండు. అయినా ఇడుస్తలేడు. ఏం చెయ్యాలె?

అమ్మా, ముందు బండి సంగతి, బాబుకి పద్దెనిమిది నిండాయా? నిండకపోతే మామూలు బండికి లైసెన్సే రాదు, ఆ మాట వెనక్కి తీసుకోమని చెప్పండి. ఇక ఫోన్. స్కిన్నర్ అని ఒకాయన పావురాలతో చూశాడు, గోడకున్న బిళ్ళని ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ వస్తే పావురం మామూలుగా పొడుస్తుంది, ఎప్పుడొస్తుందో తెలియకుండా ఒకసారి వచ్చి నాలుగుసార్లు రాకుండా చేస్తే మానకుండా పొడుస్తుంది, గింజలు ఆపేసినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. రీల్స్ అలాగే ఉంటాయి, పది చప్పగా ఉంటాయి, పదకొండోది బాగుంటుంది. ఇంకోటి, కెంట్ బెర్రిడ్జ్ అని మెదడు మీద పనిచేసే ఆయన చూపించింది ఏంటంటే, ఒకటి కావాలనిపించడం వేరు, అది దొరికితే ఆనందం కలగడం వేరు, మెదడులో ఈ రెండూ ఒకే దారి కాదు. డోపమిన్ అని మెదడులో ఒక రసాయనం గురించి అందరూ అంటారు కదా, అది ఎక్కువగా కావాలనిపించే వైపుది. అందుకే మీ బాబుని అడిగి చూడండి, తిట్టే గొంతుతో వద్దు, "రెండు గంటలు చూశావు కదా, బాగా అనిపించిందా" అని. చాలామంది పిల్లలు లేదు అనే అంటారు. ఆనందం లేకుండానే చేయి పోతుంది. అది బలుపు కాదమ్మా, ఫోన్ ఎదురుగా ఉంటే చేయి పోకుండా ఉండడం పెద్దవాళ్ళకే కష్టం. రాత్రి ఫోన్ వేరే గదిలో చార్జింగ్ పెట్టడం, ఇంట్లో అందరిదీ, డాడీది కూడా, అదొకటి మొదలుపెట్టండి. రెండోది, బాబుకి ఏ సబ్జెక్టులో ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయిందో కనుక్కోండి. చేతకాదు అనిపించే పుస్తకం ముందు కూర్చోవడం కన్నా ఏ ఫోనైనా నయమే అనిపిస్తది. చాలా ఇళ్ళల్లో ఫోన్ ఆ చాప్టర్ మీద దుప్పటి కప్పుతోంది.

(ఒక యువకుడు:) మేడమ్, నేను టీమ్ లీడ్‌ని. హైక్ ఇచ్చినా రెండు నెలలకి మళ్ళీ మామూలే. డబ్బు కాకపోతే ఇంకేం ఇవ్వాలి?

హెర్జ్‌బర్గ్ అని ఒకాయన 1959లో, ఇంజినీర్లని అకౌంటెంట్లని దాదాపు రెండువందల మందిని అడిగాడు, నీకు పనిలో బాగా అనిపించిన రోజు చెప్పు, విసుగొచ్చిన రోజు చెప్పు అని. విసుగు గురించి చెప్పేటప్పుడు జీతం, బాసు, కంపెనీ రూల్సు వచ్చాయి, బాగా అనిపించినప్పుడు చేసిన పని, దక్కిన గుర్తింపు, బాధ్యత వచ్చాయి. జీతం సరిగ్గా లేకపోతే మనిషి మండిపోతాడు, సరిగ్గా ఉంటే మండడం ఆగుతుంది, అంతే, ఉత్సాహం వేరే చోటు నుంచి రావాలి అన్నాడు. ఆయన పద్ధతి మీద విమర్శ ఉంది, మంచి జరిగితే నావల్ల అని చెడు జరిగితే కంపెనీ వల్ల అని మనుషులు చెప్పుకుంటారు కాబట్టి జవాబులు అలా వచ్చాయి అని, అది న్యాయమైన విమర్శే. అయినా మీరు ఒక పని చేయండి, మీ టీమ్‌లో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఈ మధ్య నువ్వు చేసిన పనిలో ఏది ఎవరికి ఉపయోగపడిందో నీకు తెలుసా అని అడగండి. టికెట్లు మూసేస్తూ పోవడం తప్ప ఆ ఫీచర్ ఎవరు వాడుతున్నారో తెలియనివాళ్ళు సగంమంది ఉంటారు. దాని తర్వాత గడువు చెప్పేటప్పుడు పని ఎలా చేయాలో కూడా మీరే చెప్తున్నారా చూసుకోండి. జీతం తక్కువ ఉంటే మాత్రం వాళ్ళ తరఫున పైవాళ్ళతో పోట్లాడండి, మోటివేషన్ సిద్ధాంతం చెప్పి జీతం ఎగ్గొట్టడానికి నేను ఒప్పుకోను.

(ఒక అమ్మాయి, వెనక వరస నుంచి:) మేడమ్, నేను డిగ్రీ అయినప్పటి నుంచి గ్రూప్స్ చదువుతున్నా. ఒకసారి పేపర్ లీకై రద్దయింది, తర్వాత వాయిదా, తర్వాత కోర్టు. ఇప్పుడు పుస్తకం తెరిస్తే కూర్చోబుద్ధి కావట్లేదు. నేనే బద్ధకస్తురాలిని అయిపోయానా?

లేదమ్మా, కాలేదు. కూర్చో, నీళ్ళు తాగు. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అని ఇద్దరు కుక్కలతో ఒక ప్రయోగం చేశారు, ఈ రోజుల్లో అయితే అలాంటిది చేయనివ్వరు. కొన్ని కుక్కలకి కరెంటు షాకు తగిలితే తలతో పలక నొక్కి ఆపుకునే వీలుంది, ఇంకొన్నిటికి అంతే షాకు, కానీ ఏం చేసినా ఆగదు. తర్వాత రెండిట్నీ మధ్యలో చిన్న అడ్డు ఉన్న పెట్టెలో పెట్టారు, దూకితే షాకు తప్పించుకోవచ్చు. మొదటివి దూకాయి. రెండోవాటిలో ఎక్కువ భాగం దూకలేదు, అక్కడే పడుకున్నాయి. అప్పుడు వాళ్ళు ఏమన్నారంటే ఇవి నిస్సహాయతని నేర్చుకున్నాయి అని. కానీ అసలు విషయం ఇది, యాభై ఏళ్ళ తర్వాత 2016లో ఆ ఇద్దరే, మెదడు మీద వచ్చిన కొత్త పరిశోధనలు చూసి, మేం తిరగేసి చెప్పాం అని రాశారు. చాలాసేపు దెబ్బ తగిలితే చతికిలపడడం అనేది నేర్చుకునేది కాదు, అది శరీరం సహజంగా చేసే పని. నేర్చుకునేది ఏంటంటే నా చేతిలో ఉంది అనే విషయం. నువ్వు నేర్చుకోకూడనిది ఏదో నేర్చుకోలేదు. నీ చేతిలో లేనివి వరసగా జరిగాయి, ఒళ్ళు చతికిలపడింది. ఎవరికైనా అంతే అవుతది.

కాబట్టి నీ చేతిలో ఉండేదాన్ని చిన్నగా మళ్ళీ కళ్ళకి కనపడేలా చేసుకోవాలి. నోటిఫికేషన్ నీ చేతిలో లేదు, కోర్టు నీ చేతిలో లేదు. బందూరా అనే ఆయన 1977లో చెప్పింది, నాకు చేతనవుతుంది అనే నమ్మకం ఎవరో వేదికెక్కి అరిస్తే వచ్చేదానికన్నా తాను చేసి చూసినదాంట్లోంచి ఎక్కువ వస్తది అని. మొత్తం సిలబస్ ముందేసుకోకు. నీకు బాగా వచ్చిన సబ్జెక్టు కాకుండా, మరీ రానిది కాకుండా, సగం వచ్చినది ఒకటి తీసుకో, రింగుల ఆటలో మధ్య దూరం చెప్పాను చూడు, అది. గోల్‌విట్జర్ అని జర్మన్ సైకాలజిస్టు చూపించింది ఇంకోటి, "బాగా చదవాలి" అనుకునేవాళ్ళ కన్నా "ఫలానా టైమ్‌కి ఫలానా చోట ఇది చేస్తా" అని ముందే కట్టుకున్నవాళ్ళు ఎక్కువగా చేస్తారు. పొద్దున లైబ్రరీ తెరవగానే, ఫలానా కుర్చీలో కూర్చోగానే, పాత పేపర్లోంచి ఇరవై ప్రశ్నలు, అంతే రాసుకో. రాసినవి పక్కన కూర్చునే ఫ్రెండ్‌తో దిద్దించుకో, ఆమెవి నువ్వు దిద్దు.

ఇంకొకటి అడుగుతా, అందరి ముందూ జవాబు చెప్పక్కర్లేదు. చదువు మీదే కాదు, ఇంతకుముందు ఇష్టమైన దేని మీదా మనసు పోకుండా, నిద్ర, తిండి దెబ్బతిని రెండు వారాలు దాటితే అది మోటివేషన్ సమస్య కాదు, డాక్టర్‌కి చూపించాలి, డిప్రెషన్ అయి ఉండొచ్చు. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ ఫోన్ లైను ఉంది, 14416, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇంకో సంవత్సరం చదవాలా, ఏదైనా ఉద్యోగం చూసుకుంటూ చదవాలా అనేది కూడా నువ్వు కూర్చొని ఆలోచించుకోవాల్సిన విషయమే, మానేస్తే ఓడిపోయినట్టు అని ఎవరన్నా పట్టించుకోకు. మీటింగ్ అయ్యాక నేను ఇక్కడే కిందనే ఉంటా, నీ టైమ్‌టేబుల్ తెచ్చుకో, కలిసి చూద్దాం.